తిప్పే చెయ్యి ఉంటేనే తిప్పే పలక

మా ఊళ్ళోకి టీవీలు వచ్చిన కొత్తలో, శుక్రవారం సాయంత్రం చిత్రలహరి మొదలయ్యే వేళకి ప్రతి ఇంట్లోనూ ఒకడు డాబా ఎక్కేవాడు. యాంటెన్నా గొట్టం పట్టుకుని అటూ ఇటూ తిప్పడం వాడి పని. ఇంకొకడు గుమ్మంలో నిలబడి లోపలి కబురు పైకి చేరవేసేవాడు. "గీతలొస్తున్నాయిరా, ఇంకాస్త కాలవ వైపు తిప్పు... ఆఁ, ఆపు, ఆపు, కొంచెం వెనక్కి." మొదటి నెల్లాళ్ళూ ఆ గొట్టం పట్టుకోవడానికి పిల్లలం పోటీలు పడ్డాం. మూడో నెలకి ఎవరూ పైకెళ్ళడం లేదు. బొమ్మ ఓ మాదిరిగా వచ్చే చోట చూసి నాన్న ఆ గొట్టాన్ని పిట్టగోడకి తాడేసి కట్టేశారు. ఆ తర్వాత ఏదో తుపాను గాలికి వంగిపోయేదాకా అది అలాగే ఉంది.

పడవ మీద సోలార్ పలకల గురించి ఎవరైనా సలహా అడిగితే నాకు ముందు ఆ గొట్టమే గుర్తొస్తుంది. పలకలు ఒకచోట బిగించేసుకోవాలా, సూర్యుడి వైపు వంచుకునేలా పెట్టుకోవాలా అని అడుగుతారు. కాగితం మీద లెక్కేస్తే వంచుకునేవే ఎక్కువ కరెంటు ఇస్తాయి. ఆ మాట నిజం. అయితే ఆ లెక్క లోపల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. రోజుకి మూడు నాలుగు సార్లు లేచి, పడవ వెనక్కి వెళ్ళి, మర వదులు చేసి, పలక వంచి, మళ్ళీ బిగించే మనిషి. ఆ మనిషి మీరే. ముందు మీ సంగతి తేలితేగాని పలక సంగతి తేలదు. అందుకే ఈ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయం ఇచ్చాను.

తెరచాప పడవ మీద నెలల తరబడి బతకడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. కోరంగి రేవు నడిచిన రోజుల్లో తాళ్ళరేవు చుట్టుపక్కల ఓడలు కట్టేవారు. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అని పిలిచింది ఆ రేవు పేరు మీదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలవల నిండా సరుకు పడవలు తిరిగాయి. గాలి ఉంటే చాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఇక మన కాలానికి వస్తే, 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఐఎన్‌ఎస్‌వీ తారిణి 2018 మే 21న భూగోళం చుట్టి తిరిగొచ్చింది. దాన్ని నడిపిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో ఇద్దరు తెలుగమ్మాయిలు, విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బి. ఐశ్వర్య. ఓడల్లో ఉద్యోగం చేసి దిగి, సొంతానికి చిన్న తెరచాప పడవ కొనుక్కుందామనుకునేవాళ్ళు మన జిల్లాల్లో ఉన్నారు. ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో అలాంటిది కొనుక్కున్న మన పిల్లలూ ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం. దిండిలో హౌస్‌బోటు ఉన్నవాళ్ళకీ, లాంచీలు నడిపేవాళ్ళకీ ఇందులో సగానికి సగం పనికొస్తుంది.

ముందు మన ఊరి సూర్యుణ్ణి చూడండి. రాజమండ్రి, కాకినాడ, యానాం మూడూ భూమధ్యరేఖకి ఉత్తరంగా దాదాపు 17 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అందుకని మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండింటికీ నడుమ మూడు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. ఇళ్ళ మీద పలకల్ని దక్షిణానికి వంచి పెడతారు గనక సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడని చాలామంది అనుకుంటారు. రోహిణి కార్తెలో ఒకసారి మధ్యాహ్నం మీ నీడ ఎటు పడుతుందో చూసుకోండి.

చాప పరిచినట్టు అడ్డంగా పరిచిన పలకకి మన దగ్గర ఎంత నష్టం? మార్చిలోనూ సెప్టెంబరులోనూ రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో, మధ్యాహ్నం వేళ నూటికి నాలుగు పాళ్ళు. జూన్‌లో ఒక పాలు కూడా ఉండదు. అన్నిటికంటే తక్కువ వచ్చేది డిసెంబరు 21 ప్రాంతంలో. అప్పుడు మధ్యాహ్నపు సూర్యుడు దిగంతం నుంచి 50 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు, అడ్డంగా పడుకున్న పలక నాలుగో వంతు పోగొట్టుకుంటుంది. ఏడాది మొత్తంలో మన దగ్గర పలక వంచడం వల్ల గట్టిగా లాభం కనిపించేది ఆ చలికాలపు రెండు మూడు నెలలే.

ఇప్పుడు ఎడింబరో తీసుకోండి. అక్కడ డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు 11 డిగ్రీల ఎత్తుకి కూడా రాడు. అడ్డంగా పరిచిన పలక మీద పడేది నిటారు ఎండలో ఐదో వంతు కంటే తక్కువ. అక్కడ పలక వంచకపోతే దీపం వెలగదు. పడవల మీద సోలార్ గురించి మనం చదివే పుస్తకాల్లో ఎక్కువ భాగం అటువైపు నీళ్ళలో తిరిగినవాళ్ళు రాసినవి. వాళ్ళ అనుభవం వాళ్ళకి సరైనదే. గోదావరిలో లంగరు వేసి ఆ లెక్క వాడితేనే పొరపాటు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తారిణి 2018 జనవరి మూడో వారంలో దక్షిణ అమెరికా చివర కేప్ హార్న్ చుట్టి వచ్చింది. అది దక్షిణాన 56 డిగ్రీల దగ్గర ఉంది, అంటే భూమధ్యరేఖకి ఎడింబరో ఎంత దూరమో అదీ అంతే. అయినా అప్పుడు వాళ్ళకి వేసవి గనక, మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు 54 డిగ్రీల దాకా వస్తుంది. మన రాజమండ్రిలో డిసెంబరు సూర్యుడి కంటే ఎత్తు! కాబట్టి దూర సముద్రాలకి వెళ్ళేవాళ్ళు చూడాల్సింది దేశపటం ఒక్కటే కాదు, ఏ నెలలో ఏ చోట ఉంటారన్నది కూడా. బుద్ధిమంతులైన నావికులు చల్లటి నీళ్ళకి వేసవిలోనే వెళతారు. వేసవిలో వెళితే పరిచిన పలకే చాలావరకు సరిపోతుంది.

యానాంలో మాకు బంధువు ఒకాయన ఉన్నారు. ఓడల్లో ఇంజనీరుగా చేసి దిగినవారు, వరసకి బావగారు. చేతిపని తెలిసిన మనిషి. తన పడవ వెనక స్టీలు గొట్టాలతో కమాను కట్టించి, రెండు పలకల్ని ఎటు కావాలంటే అటు వంగేలా అమర్చుకున్నారు. ఏ గంటకి ఎంత వంచారో, ఎన్ని ఆంపియర్లు వచ్చాయో రాయడానికి నోటుపుస్తకం పెట్టారు. ఐదారు నెలల తర్వాత నేను వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తెరిచి చూశాను. పంతొమ్మిది రోజులు ముత్యాల్లాంటి అక్షరాలు. ఇరవయ్యో రోజు నుంచి తెల్ల కాగితం.

"పుస్తకం ఆగిపోయిందేంటి బావగారూ?"

"తిప్పడం ఆగిపోయాక రాయడానికేముంటుంది బావా! పొద్దున ఎనిమిదింటికి తూర్పుకి వంచుతానా, నేను టిఫిన్ తిని వచ్చేసరికి పోటు తిరిగిపోయి పడవ అటుది ఇటవుతుంది. నా పలక పడమర కేసి చూస్తూ ఉంటుంది."

ఆయన చెప్పిన ఆ ఒక్క మాట కోసం నేను మరో పది పుస్తకాలు చదవాల్సి వచ్చేది. ఇంటి డాబా కదలదు. లంగరు వేసిన పడవ కదులుతుంది. యానాం దగ్గర గౌతమిలోనూ, అంతర్వేది దగ్గర వశిష్ఠలోనూ రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఆరు గంటలకి కొద్దిగా పైగా ఒకసారి నీరు దిక్కు మారుస్తుంది, దాంతోపాటు పడవ ముక్కు తిరుగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఆ నీటికీ ఈ గాలికీ మధ్య పడవ ఊగుతూ ఉంటుంది. వరద నెలల్లో నీరు ఒకే దిక్కుకి పోతుంది గనక పడవ ఎగువకే ముక్కు పెట్టి నిలబడుతుంది, అది వేరు. కానీ ఆ నెలల్లో ముసురు. ముసురు పట్టిన రోజున వెలుతురు ఆకాశం అంతటి నుంచీ చెదిరి వస్తుంది. అప్పుడు ఆకాశాన్ని ఎక్కువగా చూసేది అడ్డంగా పరిచిన పలకే, వంచినది కాదు. ఇక చాప ఎత్తి వెళ్తున్నప్పుడు చెప్పనే అక్కర్లేదు. గాలిని బట్టి పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, గంటకోసారి దిక్కు మారుస్తుంది. ఆ వేళ చుక్కాని వదిలి పలక మర విప్పే తీరిక ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా.

కోణం తప్పితే ఎంత పోతుందో ఒకసారి చూడండి. సూర్యుడికి ఎదురుగా ఉండాల్సిన పలక 25 డిగ్రీలు పక్కకి ఉంటే పోయేది నూటికి పది కంటే తక్కువ. 30 డిగ్రీలైతే పదమూడు. 45 డిగ్రీలు తప్పితే గాని ముప్పై దగ్గరికి రాదు. కోణం విషయంలో సూర్యుడు చాలా ఓర్పు గలవాడు. నీడ విషయంలో ఆయనకి ఆ ఓర్పు లేదు.

తెరచాప పడవకీ నీడకీ పుట్టుకతోనే చుట్టరికం. నడిమి కొయ్య, దానికి అడ్డంగా చాప అడుగున ఉండే కొయ్య, కొయ్యని నిలబెట్టే ఉక్కు తాళ్ళు, మడిచి కట్టిన చాప, ఎగిరే జెండా, కొయ్య మీద వాలే కొంగ, ఇవన్నీ నీడ వేసేవే. బొటనవేలంత లావు తాడు నీడ పడితే ఏమవుతుందిలే అనుకుంటాం. పలక లోపల చిన్న చిన్న గళ్ళు వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. కరెంటు వాటి గుండా ఒకే కాలవలా పారుతుంది. పంట కాలవ మీద ఒక్క తూము సగం మూస్తే ఏమవుతుందో డెల్టా రైతుకి చెప్పక్కర్లేదు, శివారు పొలాలకి నీరందదు. ఇక్కడా అంతే. ఒక్క గడి మీద నీడ పడితే ఆ వరస మొత్తం సన్నగిల్లుతుంది. మామూలు పెద్ద పలకల్లో ఇలాంటి వరసలు మూడు ఉంటాయి, ఒక్కోదానికి పక్కదారి చూపించే డయోడు ఒకటి ఉంటుంది. అది ఉన్నందువల్ల పలక మొత్తం చచ్చిపోదు, మూడో వంతు మాత్రం పోతుంది. అరచెయ్యంత నీడకి మూడో వంతు! మీరు రోజంతా శ్రమపడి కోణం దిద్ది సంపాదించింది, సరిగా చుట్టని ఒక్క తాడు పట్టుకుపోతుంది.

అందుకని నా సలహాలో మొదటిది పలకల గురించి కాదు, నీడల గురించి. పలక కొనకముందే రెండు రోజులు పడవ మీద ఊరికే కూర్చోండి. పొద్దున 9కి, 12కి, మధ్యాహ్నం 3కి సుద్దముక్కతో డెక్కు మీద నీడల గీతలు గీయండి. రోజంతా వచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఆ ఆరు గంటల్లోనే వస్తుంది. పోటులో ఒకసారి, పాటులో ఒకసారి గీయండి, పడవ తిరిగితే నీడలూ తిరుగుతాయి. గీతలు పడని చోటు ఎక్కడ మిగిలిందో అదే మీ పలక చోటు. చాలా పడవల్లో అది వెనక భాగంలో, చుక్కాని పట్టే చోటికి పైన, కమాను మీద దొరుకుతుంది. బ్యాటరీకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే కంట్రోలరు ఎడమ వైపు పలకకి ఒకటి, కుడి వైపు దానికి ఒకటి విడివిడిగా పెట్టించుకోండి. ఒక పక్క నీడ పడితే రెండో పక్క తన పని తాను చేసుకుపోతుంది.

మా బావగారు చివరికి చేసింది ఇదే. మరలన్నీ తీసేసి, ఆ రెండు పలకల్నీ కమాను మీద ఇంకో రెండడుగులు వెనక్కి జరిపి, నీడ తప్పించి బిగించేశారు. వాన నీరు నిలవకుండా కొద్దిగా వాలు ఉంచారు. ఇంతకు ముందు తిప్పిన రోజుల్లో వచ్చినదానికీ, ఇప్పుడు ఊరికే కూర్చుంటే వచ్చేదానికీ ఆయనకి పెద్ద తేడా కనిపించలేదు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పలక మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అంతకు మించి ప్రతి డిగ్రీకి నూటికి మూడో వంతు పాలు పైచిలుకు తగ్గుతూ పోతుంది. మే నెల మధ్యాహ్నం పలక ఒళ్ళు 65 డిగ్రీలకి చేరితే పద్నాలుగు, పదిహేను పాళ్ళు అలా ఆవిరైపోయినట్టే. డెక్కుకి అతికించే పల్చటి వంగే పలకలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ వాటి కింద గాలి ఆడదు, అవి ఉడికిపోతాయి. గట్టి ఫ్రేము పలకల కింద నాలుగు వేళ్ళ ఎడం వదిలి గాలి ఆడనిస్తే, రోజూ వంచి సంపాదించేదాంట్లో కొంత భాగం మీరు కదలకుండానే వస్తుంది.

ఇక ఉప్పుగాలి. కీళ్ళు ఉన్న ప్రతి వస్తువునీ అది తినేస్తుంది. అల్యూమినియం ఫ్రేములో స్టీలు బోల్టు నేరుగా బిగిస్తే, తడి చేరి అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయించండి. తగరం పూత ఉన్న రాగి తీగే వాడండి. వంచుకునే పలకకి కీళ్ళు ఎక్కువ, మరలు ఎక్కువ, వంగి వంగి నలిగే తీగ ఒకటి అదనం. ఆరు నెలలకోసారి వాటన్నిటినీ విప్పి చూసుకునే ఓపిక ఉందా అన్నది కూడా ఎంపికలో భాగమే.

గాలి గురించి కోనసీమ వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసినవాళ్ళకి గాలి అంటే ఏమిటో తెలుసు. లెక్క మాత్రం చెబుతాను. గంటకి 100 కిలోమీటర్ల గాలి నిటారుగా నిలబడ్డ పలకని ఎదురుగా కొడితే, చదరపు మీటరుకి దాదాపు 47 కిలోల తోపు. 400 వాట్ల పలకలంటే రెండు చదరపు మీటర్లు, అంటే 95 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. వంచి మరిచిపోయిన పలక మనం ఎత్తని తెరచాప అన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పలక వంచితే లాభం వచ్చే రోజులే మనకి వాయుగుండాల రోజులు కూడా. ఒక్కసారి మర్చిపోతే చాలు. బిగించిన పలకలకి కూడా తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు విప్పి లోపల పెట్టుకునే వీలుండాలి. బోల్టులు చేతికందేలా పెట్టించండి, తగిన పానా అక్కడే తాడుకి కట్టి ఉంచండి.

అసలు మీకు ఎంత కరెంటు కావాలి? ఇద్దరు మనుషులుండే చిన్న పడవ అనుకుందాం. చిన్న ఫ్రిజ్‌కి రోజుకి 500 వాట్-గంటలు, 20 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 400, రేడియో, జీపీఎస్, రాత్రి లంగరు దీపం కలిపి 150, ఫోన్లూ ల్యాప్‌టాపూ 150, లోపలి దీపాలు 60, నీళ్ళ పంపు 40. మొత్తం 1300, అంటే ఇంటి మీటరు భాషలో యూనిట్‌కి కాస్త పైన. మన డెల్టాలో ఏడాది సగటున రోజుకి ఐదు గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు పడుతుంది. 400 వాట్ల పలకలు పరిచి, వేడికీ తీగలకీ బ్యాటరీకీ ముప్పై పాళ్ళు తీసేసినా 1400 మిగులుతుంది. సరిపోయింది.

నేల మీద సూర్యుడి వెంటే తిరిగే యంత్రాలు బిగించిన పలకల కంటే ఏడాదికి 15 నుంచి 25 శాతం దాకా ఎక్కువ ఇస్తాయి. అవి యంత్రాలు, వాటికి మతిమరుపు లేదు, వాటి కింద నేల తిరగదు. పడవ మీద చేత్తో వంచే మనిషికి అందులో సగం దక్కితే గొప్ప. 400 వాట్లకి ఇంకో 100 వాట్ల పలక చేర్చితే నేరుగా పాతిక శాతం పెరుగుతుంది, దానికి కావాల్సింది అర చదరపు మీటరు చోటు. చోటుంటే పలక చేర్చండి. కేరళలో వైకోం, తవణక్కడవు రేవుల మధ్య 2017 జనవరి నుంచి తిరుగుతున్న ఆదిత్య అనే 75 మంది ప్రయాణికుల సోలార్ పడవ చూడండి. దాని పలకలన్నీ పైకప్పు మీద పరిచి బిగించినవే. రోజంతా మనుషుల్ని దాటించే పడవవాళ్ళు మరలు తిప్పే పని పెట్టుకోలేదు.

వంచుకునే పలకలు తప్పు అని నేను అనడం లేదు. వాటికి తగిన చోట్లు ఉన్నాయి. పాతిక అడుగుల చిన్న పడవలో రెండో పలకకి చోటే లేకపోతే, ఉన్న ఒక్కదాన్నీ పూర్తిగా పిండుకోవాలి. చలికాలం ఉత్తరాది నీళ్ళలో గడపాలనుకునేవాళ్ళకి వేరే దారి లేదు. రెండు వైపులా తాళ్ళు కట్టి, కదలకుండా నెలల తరబడి రేవులో ఉంచే పడవ కూడా డాబా లాంటిదే, నెలకోసారి వంపు మార్చినా ఫలితం కనిపిస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చిన వాడకం ఇంకొకటి ఉంది. పడవ పక్క కమ్మీలకి కీళ్ళతో బిగించిన పలక. రేవు చేరేటప్పుడు కిందికి దించేస్తారు, లంగరు వేశాక పైకెత్తి అడ్డంగా నిలబెడతారు. ఆ పక్క నీడ పడితే దించేసి రెండో పక్కది ఎత్తుతారు. దాన్ని రోజుకి ఒకటి రెండు సార్లు కదిపితే చాలు. సూర్యుణ్ణి తరమడానికి కాకుండా నీడని తప్పించుకోవడానికి వాడితే ఆ కీలు పెట్టిన ఖర్చుకి న్యాయం చేస్తుంది.

ఇప్పుడు తిప్పే మనిషి దగ్గరికి వద్దాం. పలక కొనేముందు పది రోజుల పరీక్ష ఒకటి పెట్టుకోండి. ఫోనులో రోజుకి మూడు అలారాలు పెట్టండి, ఎనిమిదికి, పన్నెండుకి, మూడింటికి. అలారం మోగగానే ఏ పనిలో ఉన్నా లేచి పడవ వెనక్కి వెళ్ళి, అక్కడ వేలాడదీసిన కాగితం మీద ఒక గీత పెట్టి రావాలి. అంతే. పడవ ఇంకా కొనకపోతే ఇంటి డాబా ఎక్కి పెట్టండి. వానొచ్చినా, చుట్టాలొచ్చినా, కునుకు పట్టినా. పది రోజులకి ముప్పై గీతలు రావాలి. ఇరవై నాలుగు దాటితే మీకు వంచుకునే పలక దండగ కాదు, ధైర్యంగా కొనుక్కోండి. పదిహేను దగ్గర ఆగిపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పడవ మీదికి వెళ్ళింది వల వేసే వాళ్ళతో కబుర్లు చెప్పడానికీ, లంకల మీద పొద్దు వాలడం చూడ్డానికీ అయితే, ఆ పదిహేను గీతలు మీ గురించి నిజం చెప్పాయి. ఆ నిజానికి తగ్గ పలక బిగించుకోండి.

కొనుక్కునే రోజున మనకి బోలెడంత హుషారు ఉంటుంది. వస్తువు మాత్రం హుషారు లేని రోజున కూడా మనతోనే ఉండాలి. జ్వరం వచ్చిన రోజున, ఇంట్లో మాటపట్టింపు జరిగిన రోజున, సముద్రం కలతగా ఉండి అన్నం సయించని రోజున కూడా ఫ్రిజ్ నడవాలి, రాత్రి లంగరు దీపం వెలగాలి. ఆ దీపం వెలగకపోతే చీకట్లో వచ్చే వేటపడవకి మీరు కనపడరు. ఇంత ముఖ్యమైన దీపాన్ని మీ జ్ఞాపకశక్తి మీద వేలాడదీయకండి.

పదిహేను దాటి ఇరవై నాలుగు లోపు ఉన్నవాళ్ళు నన్ను గట్టిగా అడుగుతారు, మరి మా సంగతేమిటని. ముందు బిగించిన పలకలతో ఒక సంవత్సరం గడపండి. కమాను కట్టించేటప్పుడే తర్వాత కీలు పెట్టుకునే వీలుంచమని వెల్డరుకి చెప్పండి, దానికి పెద్ద ఖర్చేమీ కాదు. డిసెంబరు నెలలో బ్యాటరీ నిజంగా తక్కువవుతోందని మీటరు చెబితే అప్పుడు కీలు పెట్టించుకోండి. తక్కువ కాకపోతే ఆ డబ్బు మంచి లంగరు మీద పెట్టండి.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఒక సుద్దముక్క జేబులో వేసుకుని పడవ ఎక్కండి. మొదటి నీడ గీత గీసి, పక్కన టైమూ, పోటో పాటో రాయండి. పలకల కొట్టుకి ఎల్లుండి వెళ్ళవచ్చు.